నాయన అంగడి, అమ్మ చింతగింజలు

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో మేముండే అపార్ట్‌మెంట్‌లో, మొన్న పై అంతస్తు వాళ్లు తాతల నాటి భోషాణం పెట్టెకు పాలిష్ పెట్టించుకున్నారు. ఇప్పుడంతా కంప్రెసర్‌తో మెలమైన్ కొట్టేవాళ్లే కదా. ఈయనెవరో పెద్దాయన, స్పిరిట్‌లో లక్క కరిగించి, గుడ్డలో దూది ముద్ద చుట్టి చేత్తో రుద్దుతున్నాడు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే గుప్పుమంది వాసన. కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను.

"ఏంమ్మా, ఏం గావాల?" అన్నాడాయన.

"ఏం లేదన్నా. మా నాయన కూడా ఇదే పని చేసేవాడు" అన్నాను.

"యాడ?" అంటే చెప్పాను. ఆయనకు గుర్తు రాలేదు. తెలిసుండాల్సిన వయసే. రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన అంగడి ఊళ్లో ఆ పని చేసేవాళ్లకే తెలియకపోతే ఎట్లా అనిపించింది. సరే, తెలిసింది తెలిసినట్టు రాద్దామని కూర్చున్నా.

* * *

గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, తీర్థకట్ట వీధి పక్కన ఒక సందులో ఉండేది మా అంగడి. ముందు ఒక గది, వెనక మేముండే రెండు గదులు, మధ్యలో గోనెపట్టా తెర. బోర్డు లేదు. "ఆచారి అంగడి యాడ?" అనడిగితే పూలు కట్టే వాళ్లయినా చూపించేవాళ్లు.

నాయన పని నేర్చుకున్నది మాధవమాలలో. ఏర్పేడు దగ్గరుంది ఆ ఊరు. కొయ్యలో దేవుళ్లను, గుళ్లకు వాహనాలను, నగిషీ తలుపులను చెక్కడానికి పేరుపడ్డది. ఉలి పట్టడం అక్కడ నేర్చుకున్నాడు గానీ, తిరుపతి వచ్చాక బొమ్మల జోలికి పెద్దగా పోలేదు. కొత్త మాను కొనడానికి డబ్బుండాలి కదా. అప్పుడు గుడి చుట్టుపక్కల మిద్దె ఇండ్లు ఒక్కొక్కటే కూలగొట్టి లాడ్జీలు కడుతున్నారు. కూల్చిన ఇంటి దూలాలు, దంతెలు, స్తంభాలు, ఇత్తడి గుబ్బలున్న తలుపులు అగ్గువకు వచ్చేవి. కొన్నిసార్లు మోసుకుపోతే చాలన్నట్టు ఇచ్చేవాళ్లు.

నాయన ప్రతి కొయ్యనూ ముందు వాసన చూసేవాడు. మూలలో ఉలితో చిన్న పెచ్చు లేపి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. టేకైతే పాత తోలు వాసన, వేపైతే చేదు వాసన. పైన ఎన్ని పొరల సున్నం, పెయింటు ఉన్నా ఆ పెచ్చుతో బండారం బయటపడేది. "కొత్త మాను ఇంట్లోకి వచ్చినాక గూడా కదలతానే ఉంటాది. వానకు ఉబ్బతాది, ఎండకు బీట వారతాది. ఇది కదలడం మానేసిన మాను" అనేవాడు. యాభై అరవై ఏళ్లు ఇంటి కప్పు మోసిన టేకు దూలాన్ని కోస్తే లోపల తేనె రంగులో ఉండేది. దాంతో బెంచీలు, బల్లలు, పీటలు, దేవుడి గూళ్లు చేసేవాడు. సగం తలుపును పడుకోబెట్టి నాలుగు కాళ్లు పెడితే డైనింగ్ టేబుల్.

జనానికి ఒక శంక ఉండేది. కూలిన ఇంటి కొయ్య మన ఇంట్లోకి రావచ్చునా అని. సగం బేరాలు అక్కడే ఆగిపోయేవి. దానికి అమ్మ దగ్గర మందు ఉంది. తెర వెనక నుంచి వచ్చి, "గుమ్మానికి, వాసాలకు వద్దంటారమ్మా. కూర్చునే బల్లకు దోషమేముంది?" అంటూ బల్లకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేసేది. బొట్టు పెట్టినాక కాదనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకిప్పటికీ తెలియదు. అమ్మనడిగితే నవ్వుతుంది.

* * *

నా పని, మా తమ్ముడి పని మేకులు.

పాత కొయ్యలో మేకులు ఎన్ని ఉంటాయో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఒక్కటి మిగిలినా చిత్రిక బ్లేడు పోతుంది, రంపం పళ్లు పోతాయి. అందుకని బడి నుంచి రాగానే గోళీలాటకు పోయే ముందు ఒక దూలం తడిమి మేకులు పీకాలి. అరచేతితో మెల్లగా నిమురుకుంటూ పోతే ఎక్కడో చురుక్కుమంటుంది. అది మేకు. పీకిన మేకును రైలు పట్టా ముక్క మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి సాపు చెయ్యాలి. టింగు, టింగు, టక్కు. టక్కుమంటే మేకు విరిగిందని లోపల నుంచే నాయనకు తెలిసిపోయేది.

సాపైన మేకులు సైజు వారీగా డాల్డా డబ్బాల్లోకి. పూర్తిగా తుప్పుపట్టి విరిగినవి ఒక పగిలిన కుండలోకి. ఆ కుండ నిండితే శ్రీకాళహస్తి పోయేది. అక్కడ కలంకారీ వేసే ఒకాయన నాయనకు స్నేహితుడు. కలంకారీలో నలుపు రంగుకు తుప్పు ఇనుమే ఆధారం. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నల్లటి నీళ్లతోనే వెదురు కలంతో గీతలు గీస్తారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలలో నానబెట్టి ఉంచుతారు కాబట్టి, కలం తాకగానే గీత నల్లబడుతుంది. నాయనతో పాటు బస్సులో పోయి మొదటిసారి అది చూసినప్పుడు నేను అరిచినంత పని చేశాను. మా సందులో ఏ ఇంటి కప్పు మేకో, అక్కడ రాముడి కనుబొమ్మ అయింది!

మేకులకు బదులు ఆయన డబ్బులిచ్చేవాడు కాదు. రంగు పారిపోయిన గుడ్డలు, గీత తప్పిన ముక్కలు ఇచ్చేవాడు. అమ్మ వాటిని పీటల మీద దిండ్లకు కుట్టేది. ఆ గుడ్డను ఎంత ఉతికినా పాల మొరవాసన కొన్నాళ్లు పోదు. మా ఇంటికొచ్చిన చుట్టాలు దిండు వాసన చూసి మొహం అటు తిప్పుకోవడం బాగా గుర్తు.

* * *

అమ్మది చిత్తూరు. చిత్తూరు ఆడవాళ్లకు సగం అరవం, సగం తెలుగు. వైరు బుట్టలు అల్లడం మాత్రం పూర్తిగా వచ్చు. శివన్ కన్ను, నెల్లికాయ ముడి... ఈ అల్లికల పేర్లన్నీ అమ్మ నోట అరవంలోనే వచ్చేవి. వైరు కట్టలు వేలూరు నుంచి మా మామ తెచ్చేవాడు. ఆకుపచ్చ, తెలుపు కలిపి అల్లితే కూరగాయల బుట్ట. ఎరుపు, పసుపు కలిపితే గుడికి పోయే బుట్ట. అది అమ్మ పెట్టిన రూలు, ఎవరూ ఎదురు చెప్పింది లేదు.

ఇనుప చట్రం వైరు కుర్చీలు తెగిపోతే అందరూ మా దగ్గరికే తెచ్చేవాళ్లు. చట్రం నాయన రుద్ది పెయింటు వేస్తాడు, అమ్మ అల్లుతుంది. వైరు లాగినప్పుడు అది జివ్వుమని చట్రానికి బిగుసుకునే చప్పుడు మధ్యాహ్నాలంతా వినబడేది. అమ్మ చూపుడువేలు పక్కన వైరు కోసిన గీత ఒకటి ఎప్పుడూ మానేది కాదు.

ఇక అసలు సంగతి. మా నాయనకు ధర చెప్పడం రాదు.

పని చెయ్యమంటే రాత్రి పన్నెండు దాకా చేస్తాడు. "ఎంతియ్యాల ఆచారీ?" అనగానే నేల చూపులు చూస్తాడు. "మీకు తోచింది ఇయ్యండి సార్." వాళ్లకు తోచేది ఎంతో తెలిసిందే కదా. కొయ్య పాతది, మేకులు పాతవి, ఇంక దీనికి అయిన ఖర్చేముంది అని వాళ్ల లెక్క. కొన్నేళ్లు అట్లాగే నడిచింది. ఒకరోజు తెర వెనక నుంచి అమ్మ గొంతు, "తోచింది ఇచ్చేదానికి ఇదేం హుండీనా? నూటిరవై అని చెప్పు."

వచ్చినాయన బిత్తరపోయాడు. నాయన ఇంకా బిత్తరపోయాడు.

అమ్మకు ఆ నూటిరవై ఎట్లా వచ్చిందంటే, చింతగింజలతో. అంగట్లో ఏ పని మొదలుపెట్టినా అమ్మ అటక మీద దానికొక డబ్బా పెట్టేది. నాయన దాని మీద ఒక పూట కూర్చుంటే ఒక గింజ. తను ఒక పూట అల్లితే ఒక గింజ. మేము మేకులు పీకితే అర గింజ. నిజంగానే గింజను పగలగొట్టి సగం వేసేది. పని అయ్యాక గింజలు లెక్కపెట్టి, పాలిష్, వైరు, బంక ఖర్చు కలిపితే ధర. గింజకు ఎంత అనేది అమ్మ మనసులో ఉండేది. ప్రతి ఉగాదికీ కొంచెం పెంచేది. నాయన మేస్త్రీ పనికి పోతే పూటకు ఎంత వస్తుందో సందు చివర కూలీలను అడిగి తెలుసుకుని, దానికి తక్కువ కాకుండా చూసేది. అమ్మ చదివింది అయిదో తరగతి.

నేను తర్వాత బి.కాం. చదివినప్పుడు కాస్టింగ్ పాఠంలో జాబ్ కాస్ట్ కార్డు అని వచ్చింది. ఒక్కో పనికి ఒక్కో కార్డు, దాని మీద కూలి గంటలు, సామాను ఖర్చు. చదివి నవ్వొచ్చింది. పక్కనమ్మాయికి ఎందుకు నవ్వుతున్నానో చెప్పినా అర్థం కాలేదు.

* * *

ఒక లాడ్జీ ఓనరు, పేరెందుకులే, పాత దంతెలతో ఇరవై స్టూళ్లు చేయించుకున్నాడు. కొండకు పోయేవాళ్లు చెప్పులు విప్పుకునేటప్పుడు కూర్చోవడానికి. సగం డబ్బు ముందే ఇచ్చాడు. మిగతా సగానికి నాయనను తిప్పుతానే ఉన్నాడు. "శనివారం రా", "బ్రహ్మోత్సవాలు అయినాక రా." నాయన పోయి అక్కడే నిలబడి వచ్చేవాడు. అడగడానికి కూడా నోరొచ్చేది కాదనుకుంటా.

ఒక పొద్దున అమ్మ తల దువ్వుకుని, గింజల డబ్బా, రెండు వైరు కట్టలు సంచీలో పెట్టుకుని బయల్దేరింది. నేనూ వెంట పోయాను. రిసెప్షన్ ముందు మా స్టూలు మీదే కూర్చుని బుట్ట అల్లడం మొదలుపెట్టింది. వచ్చే పోయే యాత్రికులు "బాగుందమ్మా, ఎంత?" అని అడుగుతున్నారు. "ఇది అమ్మేది కాదు. ఈ స్టూళ్ల డబ్బులు రావాల, వచ్చేదాకా అల్లతా ఉండా" అని ప్రతి ఒక్కరికీ నింపాదిగా చెబుతోంది. అరవం వాళ్లకు అరవంలో చెప్పింది. మధ్యాహ్నం భోజనాల టైముకు డబ్బు వచ్చింది. ఆ లోపల బుట్ట అడుగు, ఒక పక్క పూర్తయ్యాయి. ఇంటికొచ్చాక నాయన ఏమీ అనలేదు. ఆ రోజు అన్నం మాత్రం ఆయనే వండాడు.

* * *

దసరా దగ్గర పడితే బొమ్మల కొలువు మెట్ల పని, విరిగిన బొమ్మల పని. ఎర్రచందనం రాజా రాణి బొమ్మలు ఇక్కడ చాలా ఇళ్లల్లో ఉండేవి. పెళ్లికూతురికి పుట్టింటి వాళ్లు జతగా ఇచ్చి పంపేవాళ్లు. మాకు దెబ్బ తగిలి వాపొస్తే అమ్మ ఆ బొమ్మనే సానరాయి మీద అరగదీసి ఆ గంధం పట్టు వేసేది. అందుకే మా ఇంటి రాణికి వీపు వైపు కాస్త చదునుగా ఉండేది.

ఒక పెద్దావిడ విరిగిన రాజు బొమ్మ తెచ్చింది. చెయ్యి లేదు. వాళ్ల అవ్వ పెళ్లి నాటిదట. నాయన ఇబ్బందిలో పడ్డాడు. శేషాచలం, వెలిగొండ, పాలకొండల వైపు తప్ప సహజంగా పెద్దగా పెరగని మాను అది. ఫారెస్టు వాళ్ల చేతి మీదుగా కొంటే తప్ప ముక్క ఉంచుకోవడానికి లేదు. దొంగ చెక్క ఎక్కడ దొరుకుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. నాయన మాత్రం పెచ్చు కూడా అంగట్లోకి రానిచ్చేవాడు కాదు. వేరే కొయ్యకు రంగు వేసి అతికిస్తే తెలిసిపోతుంది. ఆ మాను బరువే వేరు, నీళ్లలో వేస్తే మునిగిపోతుంది.

రెండు రోజులు ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. మూడో రోజు బొమ్మను తలకిందులు చేసి, కింద పీట మందంగా ఉంది కదా, దాని అడుగు నుంచి సన్న ముక్క కోశాడు. ఆ ముక్కలోనే చెయ్యి చెక్కాడు. వేళ్లు, కంకణంతో సహా. పీటకు పడిన గుంతను లప్పంతో పూడ్చి పాలిష్ పెట్టాడు. అతికిన చోటు వెతికినా కనబడలేదు.

అమ్మ డబ్బా దించి గింజలు లెక్కపెట్టింది. గాంధీ రోడ్డులో కొత్త జత కొన్నా అంతకంటే తక్కువకే వస్తుంది. నాయన తెర వైపు చూసి కళ్లతో వద్దంటున్నాడు. పెద్దావిడ కొంగు ముడి విప్పి మాట్లాడకుండా ఇచ్చేసింది. సాయంత్రమంతా నాయన గొణుగుతానే ఉన్నాడు, కొత్తదాని కంటే ఎక్కువ తీసుకున్నావని. అమ్మ వైరు లాగుతూ, "కొత్తది ఏ అంగట్లోనైనా దొరకతాది. వాళ్లవ్వ బొమ్మ యాడ దొరకతాది?" అంది.

ఆ మాటను నేను తర్వాత చాలామంది కస్టమర్లకు చెప్పాను, నా మాట అన్నట్టే.

* * *

లెక్క లేకుండా చేసింది ఒక్క గంగమ్మ పని. జాతర వారంలో అటక మీద డబ్బా దిగేది కాదు.

వేసవిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర అంటే మా సందులో పిల్లలెవరూ మనుషుల్లా ఉండేవాళ్లు కాదు. బైరాగి వేషం నాడు ఒళ్లంతా నామంకొమ్ము పూసుకుని తెల్లగా, తోటి వేషం నాడు బొగ్గు పూసుకుని నల్లగా. నాయన కుంపట్లో బంక కాచుకునే బొగ్గులు ఆ రోజు ఒక్కటి మిగిలేది కాదు. మగవాళ్లు చీరలు కట్టుకుని పూలు పెట్టుకుని తిరుగుతుంటే, బయట ఊళ్ల నుంచి వచ్చిన యాత్రికులు నోరెళ్లబెట్టి చూసేవాళ్లు.

సప్పరాలు కట్టడం నాయన వంతు. గోపురంలా ఉండే చట్రం, తల మీద పెట్టుకుని గుడికి పోతారు. తల మోయాలి కాబట్టి తేలిగ్గా ఉండాలి, గాలికి ఊగినా విరగకూడదు. వెదురును సన్నగా చీల్చి, మోకాలికి ఆనించి వంచి, పురికొసతో కట్టేవాడు. మేకు వాడేవాడు కాదు. చట్రం అయ్యాక మా తమ్ముడి తల మీద పెట్టి సందు చివరి దాకా నడిపించేవాడు. "మెడ నొప్పా?" "లే." "ఎటన్నా వాలతా ఉందా?" "కుడి దిక్కు." మళ్లీ విప్పడం, మళ్లీ కట్టడం. రంగు కాగితాలు మేము అంటించేవాళ్లం, మైదా పిండి బంకతో. చీమలు పట్టకుండా అందులో మైలతుత్తం కలిపేది అమ్మ.

* * *

షట్టర్ టీవీలు గుర్తున్నాయా? సాలిడేర్, డయనోరా, ముందు వైపు చెక్క షట్టర్ పక్కలకు జరిపి తాళం వేసుకునేవి. అవి పాడయ్యాక లోపలి సామాను తీసేసి ఖాళీ పెట్టెలు మా దగ్గరికి తెచ్చేవాళ్లు. నాయన వాటిని పూజ మందిరాలు చేసేవాడు. అడ్డంగా ఒక అర, వెనక అద్దం, పైన చిన్న గోపురం. ఆదివారం పొద్దున వీధంతా కూర్చుని దేవుళ్ల సీరియల్ చూసిన పెట్టెలోకే దేవుడొచ్చి కూర్చున్నాడు. కుట్టుమిషన్ ఇనుప కాళ్లు బల్లలయ్యేవి. దామలచెరువు మామిడికాయల మండీ నుంచి వచ్చే పెట్టెలు పుస్తకాల గూళ్లయ్యేవి. ఇప్పుడు ఇట్లాంటివి బెంగళూరు షాపుల్లో వేలల్లో అమ్ముతున్నారు, కావాలని అక్కడక్కడా పెయింటు గీకి పాతగా కనబడేట్టు చేసి. మా నాయన ఆ పెయింటు గీతలు కనబడకుండా చెయ్యడానికి చచ్చీచెడీ ఉప్పుకాగితం రుద్దేవాడు.

చదువయ్యాక నాలుగేళ్లు నేనే అంగట్లో కూర్చున్నా. అప్పటికే ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. వైరు కుర్చీ అల్లించే డబ్బుకు ఇంకాస్త వేస్తే కొత్త కుర్చీ. నాయనకు చూపు తగ్గింది. సందు మొత్తం ఒక్క బిల్డింగ్ అయింది. అంతే. నాయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

అమ్మ ఇప్పుడు కొర్లగుంటలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. తమ్ముడి కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. పాత కిటికీ చట్రాలకు అద్దాలు బిగించడం, అవ్వ దగ్గర నేర్చుకున్న వైరు బుట్టలు అల్లడం, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్మడం. పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి ఇద్దరికీ జోరుగా గొడవ నడుస్తోంది.

"మూడొందల యాభై పెట్టినా అవ్వా."

"ఎన్ని పూటలు పట్టింది?"

"మూడు. కాలేజీ నుంచి వచ్చినాక రెండు, నిన్న ఒకటి."

"వైరు?"

"మూడు కట్టలు."

అమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదిలించింది. "ఆరొందలు."

"ఆరొందలా? ఎవరూ కొనరవ్వా! కామెంట్లలో తిడతారు."

"తిట్టేవాళ్లు కొనరులే. యా ఊరోళ్లు అడిగినారు?"

"బెంగళూరు."

"బెంగళూరోళ్లా? అయితే ముందు సగం ఎయ్యమను. తక్కిన సగానికి నేను ఆడికి పోయి కూర్చోలేను."